దేశాలకూ ఉంది ఓ వాస్తు!

ఓడలకు తీరం కావాలి. రైళ్లకు మైదానం కావాలి. ఆకాశంలోకి ఎగిరే రాకెట్‌కు మాత్రం నేలతో పనేముంది? చాలా పని ఉంది. ఆ మాట నమ్మాలంటే తడ దాకా వెళ్లాలి.

చెన్నై నుంచి నెల్లూరు వైపు వచ్చే జాతీయ రహదారి మీద తమిళనాడు దాటాక ఆంధ్రప్రదేశ్‌లో పలకరించే తొలి పెద్ద ఊరు తడ. లారీ డ్రైవర్లకు అదో చెక్‌పోస్టు. కాలేజీ కుర్రాళ్లకు ఉబ్బలమడుగు జలపాతానికి దారి. పిల్లాపాపలతో కారులో బయల్దేరిన కుటుంబాలకు, చలికాలంలో పులికాట్ సరస్సు మీద వాలే ఫ్లెమింగోలను చూసే చోటు. తరతరాలుగా నెల్లూరు జిల్లాలో ఉన్న ఈ ఊరు 2022లో జిల్లాలు విడిపోయినప్పుడు తిరుపతి జిల్లాలోకి వెళ్లింది.

తడ దగ్గర నిలబడి తూర్పుకు చూస్తే మొదట సరస్సు. దాని అవతల సన్నటి ఇసుక దీవి. దీవి అవతల బంగాళాఖాతం. చూడ్డానికి అంతే. నీళ్లు, ఇసుక, మళ్లీ నీళ్లు. కానీ నాలుగు వందల ఏళ్లుగా ప్రపంచాన్ని ఏలాలనుకున్నవాళ్లు ఈ ఇసుకను వదల్లేదు. ఒకళ్లు కోట కట్టారు. ఇంకొకళ్లు కట్టిన కోటను వదిలేసి దక్షిణానికి వెళ్లి ఒక మహానగరానికి పునాది వేశారు. ఆఖరికి మనవాళ్లు ఇక్కడి నుంచే చంద్రుడి మీదకు దారి వేశారు.

ఎందుకు? ఈ ఇసుకలో ఏముంది?

ఇల్లు కట్టేముందు వాకిలి ఎటు, వీధి ఎటు, నీరు ఎటు పారుతుంది అని చూసుకోవడం మనకు అలవాటు. దేశాల సంగతీ అలాంటిదేనని గట్టిగా నమ్మిన పండితులు కొందరున్నారు. ఒక దేశం ఎక్కడుంది, దానికి సముద్రం ఎంత దగ్గర, కొండలు ఎటున్నాయి, పక్కింటివాళ్లెవరు... ఇవే దాని బలాన్ని, భయాన్ని నిర్ణయిస్తాయని వాళ్ల వాదన. దీన్నే భౌగోళిక రాజకీయం అంటారు. సరదాకి దేశాల వాస్తు అనుకోవచ్చు.

నలుగురు పండితులు

ఈ శాస్త్రానికి మన దగ్గరే పాత వేళ్లున్నాయి. పక్క రాజ్యం సహజంగా శత్రువు, ఆ శత్రువుకు అవతల ఉన్న రాజ్యం సహజంగా మిత్రుడు అన్నది కౌటిల్యుడి మండల సిద్ధాంతం. పొలం గట్టు పంచుకునేవాడితోనే తగాదా వస్తుందని ఏ రైతునడిగినా చెబుతాడు. రాజ్యాలకూ అదే లెక్క. అయితే అర్థశాస్త్రం వ్రాతప్రతి ఎన్నో ఏళ్లు కనబడకుండా పోయి, 1905లో మైసూరులో మళ్లీ వెలుగు చూసింది. ఈలోగా పడమటి దేశాలవాళ్లు తమ సిద్ధాంతాలు తాము రాసుకున్నారు.

1890లో అమెరికా నౌకాదళ అధికారి ఆల్‌ఫ్రెడ్ మహాన్ ఓ పుస్తకం రాశాడు. సముద్రం ఎవరి చేతిలో ఉంటే వ్యాపారం వాళ్లది, వ్యాపారం ఎవరిదైతే పెత్తనం వాళ్లది అన్నది దాని సారం. మంచి రేవులు, ఓడలు నడిపే జనం, దారిలో ఆగడానికి స్థావరాలు ఉన్న దేశమే గెలుస్తుందన్నాడు. ఇంగ్లండు చరిత్రే అందుకు సాక్ష్యమన్నాడు.

ఆ ఇంగ్లండులోనే హాల్‌ఫర్డ్ మకిండర్ అనే భూగోళ పండితుడు దీన్ని తిరగేశాడు. 1904 జనవరి 25న లండన్‌లోని రాయల్ జియోగ్రాఫికల్ సొసైటీలో ఉపన్యసిస్తూ, ఓడల కాలం అయిపోవస్తోంది, ఇక రైళ్ల కాలం అన్నాడు. ఓడల ఫిరంగులు అందని యూరప్-ఆసియా నడిభాగం, అంటే రష్యా మైదానాల ప్రాంతం, రేపటి ప్రపంచానికి ఇరుసు అవుతుందన్నాడు. తర్వాత దానికే 'హార్ట్‌లాండ్' అని పేరు పెట్టాడు. మనం గుండెకాయ నేల అనుకుందాం.

మూడో పండితుడు అమెరికా ప్రొఫెసర్ నికొలాస్ స్పైక్‌మన్. గుండెకాయ కాదు, దాని చుట్టూ ఉన్న అంచు ముఖ్యమన్నాడాయన. పశ్చిమ యూరప్, అరబ్బు దేశాలు, ఇండియా, చైనా తీరం... నేలా నీరూ కలిసే ఈ అంచు ఎవరి చేతిలో ఉంటే వాళ్లదే పైచేయి. ఆయన చనిపోయాక 1944లో ఈ వాదన పుస్తకంగా వచ్చింది. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత సోవియట్ యూనియన్ చుట్టూ అమెరికా కట్టుకొచ్చిన కూటముల్లో ఈ ఆలోచన జాడ కనిపిస్తుంది.

నాలుగో ఆయన మనవాడే. కె.ఎం.పణిక్కర్. మన చరిత్రకారులు ఎంతసేపూ ఖైబర్ కనుమ వైపే చూశారని, మన స్వాతంత్ర్యం పోయింది మాత్రం సముద్రం వైపు నుంచని 1945లో హిందూ మహాసముద్రం మీద రాసిన పుస్తకంలో వాదించాడు.

వీళ్లెవరి పుస్తకంలోనూ తడ ఉండకపోవచ్చు. కానీ వీళ్ల సిద్ధాంతాలన్నిటికీ ఒకే చోట పరీక్ష పెట్టాలంటే ఇంతకంటే మంచి ఊరు దొరకదు.

లవంగం కోసం లుంగీ

పులికాట్ సరస్సును తెలుగువాళ్లు ప్రళయకావేరి అని కూడా అంటారు. ఉప్పునీరూ మంచినీరూ కలిసిన ఇలాంటి సరస్సుల్లో చిలక తర్వాత దేశంలో పెద్దది ఇదే. కాళంగి, ఆరణి లాంటి ఏళ్లు ఇందులో కలుస్తాయి. ఎక్కువ భాగం ఆంధ్రలో, దక్షిణాన కొంత తమిళనాడులో ఉంది. ఆ దక్షిణపు కొసన ఉన్న ఊరు పళవేర్కాడు. తెల్లవాళ్ల నోట అదే పులికాట్ అయింది.

కోరమాండల్ తీరానికి పెద్ద లోపం ఒకటుంది. సహజమైన రేవు లేదు. కెరటాలు నేరుగా ఒడ్డును కొడతాయి. పెద్ద ఓడలు దూరంగా లంగరు వేసుకోవాల్సిందే. సరుకూ మనుషులూ మేకుల్లేకుండా కొబ్బరి పీచు తాడుతో కుట్టిన మసులా పడవల్లో ఒడ్డు చేరాల్సిందే. మహాన్ లెక్కలో ఇది పనికిరాని తీరం. అలాంటి చోట ఇసుక దీవి అడ్డుగా, వెనకాల నిశ్చలమైన సరస్సు ఉన్న పులికాట్ చిన్న పడవలకు అమ్మ ఒడిలా కనిపించింది.

డచ్చివాళ్లకు కావలసింది నిజానికి ఈ ఊరు కాదు. వాళ్ల కన్ను ఎక్కడో ఇండోనేసియా దీవుల్లోని లవంగాల మీద, జాజికాయ మీద. ఆ దీవులవాళ్లు వెండి కంటే ఎక్కువగా అడిగింది మన నేతగుడ్డను! అందుకని డచ్చివాళ్లు ముందు గుడ్డ దొరికే చోటు వెతుక్కున్నారు. 1610లో విజయనగర రాజు రెండో వేంకటపతి దగ్గర అనుమతి పుచ్చుకున్నారు. 1613 నాటికి అక్కడ కోట లేచింది. తమ దేశంలోని ఒక ప్రాంతం పేరు మీద దానికి గెల్డ్రియా అని పేరు పెట్టుకున్నారు. కోరమాండల్ తీరంలో డచ్చివారి వ్యాపారానికి 1690 దాకా అదే ముఖ్య కేంద్రం. ఆ తర్వాత నాగపట్నానికి మార్చారు. మన తాతలు కట్టిన పళయకాట్ లుంగీల పేరు కూడా ఈ ఊరి నుంచి వచ్చిందేనంటారు.

గుడ్డతో పాటు ఈ తీరం నుంచి బానిసలూ ఓడలెక్కారు. కరవు రోజుల్లో తిండికి లేక అమ్ముడుపోయిన మనుషులు జావా దీవిలోని బటావియాలో తేలారు. ప్రపంచ పటం మీద గీసే వ్యాపార మార్గాల గీతలు చాలా తిన్నగా ఉంటాయి. ఆ గీత మీద ప్రయాణం చేసిన మనుషుల ఏడుపు పటంలో కనబడదు.

మరి వేంకటపతిరాయలు కోటకు ఎందుకు ఒప్పుకున్నట్టు? పణిక్కర్ వాదనకు ఇక్కడ బలం దొరుకుతుంది. రాయలకు ఏనుగులున్నాయి, గుర్రాలున్నాయి. సముద్రం మీద నిలబడే నౌకాబలం లేదు. నీటి అంచును ఆయన రాజ్యానికి ముగింపుగా చూస్తే, వచ్చినవాళ్లు దాన్నే మొదలుగా చూశారు.

వదిలేసిన రేవు, లేచిన నగరం

డచ్చివాళ్లను చూసి ఇంగ్లీషువాళ్లూ వచ్చారు. పులికాట్‌లో ఇద్దరికీ పొసగలేదు. దాంతో ఇంగ్లీషువాళ్లు కాస్త ఉత్తరానికి జరిగి 1626లో దుగరాజపట్నంలో దుకాణం తెరిచారు. వాళ్ల కాగితాల్లో దాని పేరు ఆర్మగాన్. ఓడలకు లోతు బాగానే ఉంది. కానీ చుట్టుపక్కల వాళ్లకు కావలసిన రకం గుడ్డ చాలినంత దొరకలేదు.

అప్పుడు ఆర్మగాన్ దుకాణాన్ని చూసే ఫ్రాన్సిస్ డే కొత్త చోటు వెతుక్కుంటూ దక్షిణానికి వెళ్లాడు. 1639లో దామెర్ల వెంకటాద్రి నాయకుడు ఇచ్చిన సన్నటి ఇసుక తిన్నె మీద స్థిరపడ్డాడు. అదే మద్రాసు. దామెర్లవారి తండ్రి చెన్నప్ప పేరుతో చెన్నపట్నం.

మహాన్ సిద్ధాంతం ప్రకారం ఇది పిచ్చిపని. రేవు కాని రేవును ఎంచుకున్నాడు డే. అక్కడ ఓడకు నీడ లేదు, సరుకు తడవని రోజు లేదు. అయినా ఆ ఊరే మహానగరమైంది. ఎందుకంటే అక్కడ గుడ్డ చవగ్గా దొరికింది. స్థానిక పాలకుడి ఆదరణ దొరికింది. నేతగాళ్లు, దుబాసీలు, అప్పులిచ్చే కోమట్లు వచ్చి చేరారు. లోతైన నీళ్లున్న దుగరాజపట్నం మాత్రం పల్లెగానే మిగిలింది.

వాస్తు పుస్తకానికి తడ తీరం ఇచ్చిన మొదటి జవాబు ఇది. నేల బాగున్నంత మాత్రాన ఊరు లేవదు. మనుషులు కుదరాలి.

డచ్చివాళ్ల కథ కూడా చివరికి ఇంగ్లీషువాళ్ల చేతిలోనే ముగిసింది. 1824లో లండన్‌లో రెండు దేశాలూ ఆసియాను గీతగీసి పంచుకున్నాయి. ఇండోనేసియా వైపు డచ్చివారిది, ఇండియా వైపు ఇంగ్లీషువారిది. మరుసటి ఏడాది పులికాట్ చేతులు మారింది. పళవేర్కాడులో చెక్కడాలున్న డచ్చి సమాధులు మాత్రం పురావస్తు శాఖ రక్షణలో ఇప్పటికీ ఉన్నాయి.

కాలువను మింగిన రైలు

పందొమ్మిదో శతాబ్దంలో ఈ తీరం ఇంకో కొత్త పని నేర్చుకుంది. తుఫాన్ల సముద్రం మీద పడవ నడపడం కష్టం కనుక ఒడ్డు వెంబడే లోపలగా కాలువ తవ్వారు. కృష్ణా జిల్లా కాలువల నుంచి మద్రాసు దాకా పడవలు నడిచాయి. 1876-78 నాటి ధాత కరవులో ఆకలితో ఉన్న జనానికి పనిగా ఈ కాలువలో మిగిలిన భాగాలు తవ్వించారు. అప్పటి గవర్నర్ పేరుతో అది బకింగ్‌హాం కాలువ అయింది. పులికాట్ సరస్సు దాని దారిలో ఒక మజిలీ. శ్రీహరికోట అడవుల్లో కొట్టిన వంటచెరకు ఈ నీళ్ల మీదుగానే మద్రాసు పొయ్యిల్లోకి వెళ్లేది.

ఆ తర్వాత 1899లో బెజవాడ-మద్రాసు రైలు దారి పూర్తయింది. తడ మీదుగా రైలు కూత వినబడింది. కాలువ పడవ రోజులు పట్టే దూరాన్ని రైలు గంటల్లో చేరింది. ఇంకో అయిదేళ్లకు లండన్‌లో మకిండర్ చెప్పబోయే పాఠం ఇక్కడి పడవవాళ్లకు అప్పటికే అర్థమైంది. నీళ్ల మీద బతికినవాణ్ని పట్టాల మీద వచ్చినవాడు మింగేస్తాడు.

అయితే మకిండర్ ఉపన్యాసం అయిపోగానే ఆ సభలోంచి ఒకాయన లేచాడు. పేరు లియో అమెరీ. తర్వాత బ్రిటన్ ప్రభుత్వంలో ఇండియా వ్యవహారాల మంత్రి అయింది ఈయనే. ఓడ, రైలు సరే, రేపు గాలిలో ప్రయాణం వస్తుంది కదా అన్నాడాయన. అప్పుడు ఎవరు ఎక్కడున్నారన్నది అంత ముఖ్యం కాదని, పరిశ్రమలూ సైన్సూ కొత్తవి కనిపెట్టే శక్తీ ఉన్నవాళ్లదే పైచేయి అవుతుందని వాదించాడు. రైట్ సోదరులు తొలిసారి విమానం ఎగరేసి అప్పటికి నలభై రోజులు కూడా కాలేదు!

అమెరీ మాట నిజమైతే దేశాల వాస్తు పుస్తకాన్ని అటకెక్కించేయొచ్చు. నిజమా కాదా అన్నది తేలాలంటే మళ్లీ తడకే రావాలి. సరస్సు అవతలి ఆ ఇసుక దీవి దగ్గరకు.

శ్రీహరికోటే ఎందుకు?

మన అంతరిక్ష ప్రయాణం మొదలైంది కేరళలోని తుంబాలో. 1963 నవంబరులో అక్కడి నుంచి తొలి రాకెట్ లేచింది. భూమి అయస్కాంత మధ్యరేఖ ఆ ఊరి దగ్గరగా వెళ్లడంతో వాతావరణ పరిశోధనకు అది చక్కటి చోటు. ఆ రాకెట్లు నిటారుగా లేచి అరేబియా సముద్రంలో పడేవి. ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టాలంటే మాత్రం తుంబా చాలదు. కారణం భూమి తిరిగే దిక్కు.

భూమి పడమర నుంచి తూర్పుకు తిరుగుతుంది. తిరుగుతున్న రంగులరాట్నం మీద నుంచి అది తిరిగే వైపే రాయి విసిరితే ఇంకా వేగంగా వెళ్తుంది కదా. రాకెట్టూ అంతే. భూమికి దగ్గరి కక్ష్యలో నిలవాలంటే ఉపగ్రహానికి గంటకు సుమారు 28 వేల కిలోమీటర్ల వేగం కావాలి. శ్రీహరికోట నుంచి తూర్పుకు వదిలితే అందులో దాదాపు 1,600 కిలోమీటర్లు భూమే ఇచ్చేస్తుంది. కూతురు అత్తారింటికి వెళ్తుంటే పుట్టింటివాళ్లు పెట్టే సారె లాంటిదన్నమాట. భూమధ్యరేఖకు దగ్గరయ్యేకొద్దీ సారె పెరుగుతుంది. ఆ మేరకు ఇంధనం ఆదా. లేదంటే అదే ఇంధనంతో ఇంకాస్త బరువు మోయొచ్చు.

అంటే కావలసినవి ఏమిటి? తూర్పున సముద్రం ఉండాలి, రాలిపోయే భాగాలు జనం మీద పడకుండా. భూమధ్యరేఖకు దగ్గరగా ఉండాలి. జనం పలచగా ఉండాలి. అలాగని మరీ అడవిలో ఉండకూడదు, బరువైన యంత్రాలు చేరడానికి రైలూ రోడ్డూ అందుబాటులో ఉండాలి. తుంబాకు తూర్పున ఉన్నది నేల. తూర్పు తీరం వెంబడి వెతికితే అన్నీ కుదిరిన చోటు శ్రీహరికోట. 1969లో ఎంపిక చేశారు. 1971 అక్టోబరులో తొలి చిన్న రాకెట్ ఎగిరింది. 1979లో ఎస్ఎల్‌వీ-3 తొలి ప్రయత్నం విఫలమై సముద్రంలో పడింది. 1980 జూలై 18న అదే రాకెట్ రోహిణి ఉపగ్రహాన్ని కక్ష్యలో పెట్టింది. ఆ ప్రాజెక్టు డైరెక్టర్ అబ్దుల్ కలాం. అప్పటి నుంచి 2008లో చంద్రయాన్-1, 2023 జూలై 14న చంద్రయాన్-3 దాకా అన్నీ ఈ ఇసుక మీద నుంచే లేచాయి. 2025 జనవరి 29న నూరో ప్రయోగం జరిగింది. అదే నెలలో దాదాపు 3,985 కోట్ల రూపాయలతో మూడో ప్రయోగ వేదికకు కేంద్రం అనుమతి ఇచ్చింది.

అమెరీ సగమే గెలిచాడు. సైన్సు ఉన్నవాళ్లదే పైచేయి అన్న మాట నిజమైంది. నేలతో పని తీరిపోతుందన్నది మాత్రం కాలేదు. రాకెట్ వచ్చాక నేల ఇంకో కొత్త లెక్కలో ముఖ్యమైంది. లవంగాల కాలంలో పడవల నీడ కోసం వెతికిన ఇసుకను, ఇప్పుడు తూర్పున ఎవరూ లేరన్న గుణానికి ఎంచుకున్నారు.

ఎవరి సారె ఎంత?

ఈ సారె అందరికీ దక్కదు. ఇజ్రాయెల్‌నే చూడండి. తూర్పుకు వదిలితే రాకెట్ పక్క దేశాల మీదుగా వెళ్లాలి. అవేమో శత్రు దేశాలు. అందుకని 1988లో తొలి ఉపగ్రహం మొదలుకుని వాళ్లు భూమి తిరిగే దిక్కుకు ఎదురుగా, పడమటనున్న మధ్యధరా సముద్రం మీదుగా వదులుతున్నారు. ఏటికి ఎదురీదడం అంటే ఇదే. కౌటిల్యుడి మండలం రాకెట్ దారిని కూడా మళ్లించింది!

ఫ్రాన్స్ తన తొలి ఉపగ్రహాన్ని అల్జీరియా ఎడారి నుంచి వదిలింది. అల్జీరియాకు స్వాతంత్ర్యం వచ్చాక 1967లో అక్కడి కేంద్రాన్ని ఖాళీ చేసింది. దక్షిణ అమెరికాలో తన అధీనంలో మిగిలిన గయానాలో, కురూ అనే చోట కొత్త కేంద్రం కట్టుకుంది. అది భూమధ్యరేఖకు అయిదు డిగ్రీల దూరమే. పాత సామ్రాజ్యంలో మిగిలిన ముక్క యూరప్ మొత్తానికి ఆకాశపు వాకిలి అయింది.

మకిండర్ గుండెకాయ నేల అన్న రష్యా సంగతి ఇంకా చిత్రం. గగారిన్ ఎగిరిన బైకనూర్ 1991లో సోవియట్ యూనియన్ విడిపోగానే కజకిస్థాన్ అనే పరాయి దేశంలో ఉండిపోయింది. అప్పట్నుంచి రష్యా అద్దె కట్టి సొంత రాకెట్లు వదులుకుంటోంది. తమ గడ్డ మీద తూర్పు కొసన వస్తోచ్నీ అనే కేంద్రం కట్టుకుని 2016లో ప్రయోగాలు మొదలెట్టింది. చైనా యుద్ధ భయంతో తన పాత కేంద్రాలను దేశం లోపల దాచుకుంది. ఫలితంగా రాకెట్ ముక్కలు పల్లెల దగ్గర పడిన సందర్భాలున్నాయి. అదీ 2016లో హైనాన్ దీవి తీరానికి వచ్చింది.

మన శ్రీహరికోటకూ ఒక లోపం ఉంది. ధ్రువాల మీదుగా తిరిగే ఉపగ్రహాలను దక్షిణానికి పంపాలి. తిన్నగా పంపితే దారిలో శ్రీలంక. అందుకని పీఎస్ఎల్‌వీ ముందు ఆగ్నేయానికి వెళ్లి, గాలిలో మలుపు తిరిగి దక్షిణం పడుతుంది. ఆ మలుపుకు ఇంధనం ఖర్చు. పెద్ద రాకెట్ భరిస్తుంది గానీ చిన్నదానికి భారం. అందుకే తమిళనాడు కొసన కులశేఖరపట్నంలో చిన్న రాకెట్ల కోసం రెండో కేంద్రానికి 2024 ఫిబ్రవరిలో శంకుస్థాపన చేశారు. అక్కడి నుంచి దక్షిణానికి అడ్డు లేని సముద్రం.

పటంలో కనబడనివాళ్లు

'జనం పలచగా ఉన్న చోటు' అన్నారు కదా. పలచగా అంటే లేరని కాదు. శ్రీహరికోట యానాదుల నేల. అడవిలో దుంపలు, తేనె, సరస్సులో చేపలతో బతికినవాళ్లు. ఏ ఆకు ఏ జబ్బుకో తెలిసినవాళ్లు. కేంద్రం వచ్చాక పల్లెలు ఖాళీ అయ్యాయి. కొందరు దీవి విడిచి వెళ్లారు, కొందరు దీవిలోనే కట్టిన కాలనీలకు మారారు. చిన్నపాటి పనులు, చికిత్స, బడి దొరికాయి. అడవి మీద ఇష్టారాజ్యం పోయింది. చంద్రుడి మీదకు దారి వేసిన ఘనతలో వాళ్లు వదులుకున్న నేల వాటా ఎంతో ఏ లెక్కలోనూ రాయలేదు.

జాలర్లదీ అదే కథ. ప్రయోగం ఉన్నప్పుడు సముద్రంలోకి వెళ్లొద్దని హెచ్చరికలు వస్తాయి. దేశమంతా టీవీల ముందు చప్పట్లు కొట్టే ఆ రోజు వాళ్లకు వేట లేని రోజు. సరస్సు ముఖద్వారాలు ఇసుకతో పూడుకుపోతే సముద్రపు నీరు లోపలికి రాదు. రొయ్య రాదు, చేప రాదు. నీళ్లు లేని వేసవిలో సరస్సు నడుమ నేల బీటలు తీస్తుంది. ఆంధ్ర, తమిళ జాలర్ల మధ్య వలల తగాదాలు రేగినప్పుడల్లా కౌటిల్యుడి సూత్రం ఇక్కడి నీళ్ల మీద నిజమవుతూనే ఉంటుంది. గట్టు పంచుకున్నవాడితోనే తగువు.

ఒకే నేల రెండు పనులకు కుదరదని కూడా ఈ తీరమే చెప్పింది. డే వదిలేసిపోయిన దుగరాజపట్నం పేరు నాలుగు శతాబ్దాల తర్వాత, 2014 రాష్ట్ర విభజన చట్టంలో మళ్లీ వినబడింది. అక్కడ పెద్ద ఓడరేవు కడతామని, తొలి దశ 2018 చివరికి పూర్తవుతుందని రాశారు. పక్కనే అంతరిక్ష కేంద్రం, పక్షుల అభయారణ్యం. గడువు దాటిపోయింది, ఓడరేవు రాలేదు.

గీత ఎక్కడ గీస్తే...

తడకు పడమటి వైపు కథ వేరు. 1960లో పటాస్కర్ అవార్డు ప్రకారం సరిహద్దు సర్దుబాటు జరిగింది. తిరుత్తణి అటు వెళ్లింది, సత్యవేడు ఇటు వచ్చింది. అప్పటికి ఆ సత్యవేడు వానాధారపు మెట్టనేల. 2008లో ఆ పక్కనే శ్రీసిటీ మొదలైంది. చెన్నైకి అరవై కిలోమీటర్ల లోపు, ఎన్నూరు, కృష్ణపట్నం రేవులు రెండూ అందుబాటు. జపాన్, ఫ్రాన్స్, అమెరికా కంపెనీలు వచ్చాయి. ఈసుజు వాహనాలు, ఆల్‌స్టామ్ మెట్రో బోగీలు అక్కడ తయారవుతున్నాయి. సరుకంతా ఒక్క చైనా మీదే ఆధారపడకూడదని ప్రపంచ కంపెనీలు కొత్త చోట్లు వెతుక్కుంటున్న రోజులివి. స్పైక్‌మన్ చెప్పిన అంచు నేల అంటే ఇప్పుడు ఫ్యాక్టరీ షెడ్డు, పక్కనే ఓడరేవు. ఆనాడు గీత కాస్త పడమటికి గీసి ఉంటే ఆ ఉద్యోగాల లెక్క ఇంకో రాష్ట్రం ఖాతాలో పడేది.

ఇంతకీ వాస్తు నిజమేనా?

సిద్ధాంతకర్తల్లో అందరికంటే ప్రమాదకరంగా తేలింది జర్మనీవాడు కార్ల్ హౌస్‌హోఫర్. దేశానికి బతకడానికి చోటు కావాలి, ఆ చోటు నేల మీద హక్కు తెస్తుంది అన్న ఆలోచనను ప్రచారం చేశాడు. హిట్లర్ దాన్ని వాడుకున్నాడు. ఫలితం ప్రపంచానికి తెలుసు. పటం ఏం చెయ్యొచ్చో చెబుతుంది. ఏం చేయడం న్యాయమో చెప్పదు. ఇంట్లో గొడవలన్నిటికీ వాకిలిదే తప్పంటే ఎలా ఉంటుందో, యుద్ధాలన్నిటికీ కొండలదీ నదులదే తప్పనడం అలా ఉంటుంది.

తడ తీరం చెప్పేదీ అదే. ఇసుక మారలేదు, సముద్రం మారలేదు, భూమి తిరిగే దిక్కు మారలేదు. వేంకటపతిరాయల కాలంలోనూ ఈ నేల మీద గంటకు 1,600 కిలోమీటర్ల సారె ఉంది. తీసుకోవడం తెలిసినవాళ్లు లేరంతే. నేత తెలిసిన చేతులున్నప్పుడు ఈ తీరం గుడ్డ ఇచ్చింది. లెక్క తెలిసిన బుర్రలు వచ్చినప్పుడు చంద్రుణ్ని ఇచ్చింది. ఈశాన్యం సరిచూసుకుని కూర్చుంటే పొయ్యిలో పిల్లి లేవదు. ఎసరు పెట్టేది మనిషే.

సరస్సు దక్షిణపు పల్లెల్లో జాలర్లకు 'పాడు' అనే పాత పద్ధతి ఉంది. చేప బాగా పడే చోటును ఏ ఒక్కరూ సొంతం చేసుకోరు. వంతులు వేసుకుంటారు. ఇవాళ ఒకరి వల అక్కడ పడితే రేపు ఇంకొకరిది. మంచి చోటు అందరికీ కావాలి, చోటు మాత్రం ఒక్కటే. ప్రపంచ పటాన్ని చూసి పెద్ద పండితులు బలం లెక్కలు వేశారు. నీళ్లను చూసి ఈ జాలర్లు వంతుల లెక్క వేసుకున్నారు. ఈసారి తడ మీదుగా వెళ్లేటప్పుడు పిల్లలకు ఫ్లెమింగోలను, వీలైతే రాకెట్ పొగను చూపించండి. దాంతో పాటు, తమ వంతు కోసం ఒడ్డున కూర్చున్న ఆ పడవలనూ చూపించండి.